కళాశాల విద్యార్థుల ఒత్తిడి: స్త్రీ పురుష భేదమును కొలుచుట ఎట్లు?

"ఆడపిల్లలకు ఒత్తిడి ఎక్కువ, మగపిల్లలకు నిబ్బరము ఎక్కువ" అను మాట మన కళాశాలలలో క్రొత్తది కాదు. పూర్వము పెద్దలు దీనిని లోకానుభవముగా చెప్పుచుండెడివారు. నేడు అదే మాట పట్టికలను, సగటులను, సార్థకతా పరీక్షలను వెంటబెట్టుకొని శాస్త్రవాక్యముగా మన యెదుటకు వచ్చుచున్నది. మనస్తత్వశాస్త్ర, విద్యాశాస్త్ర విభాగములలో పరిశోధన చేయువారికి ఈ అంశము మిక్కిలి అనువైనది. విద్యార్థులు చేతికందుదురు, ప్రశ్నావళి సిద్ధముగా ఉండును, ఒక గంటలో సమాధానములు చేతికి వచ్చును. ఫలితము కూడ చాలవరకు ఊహించినదే: బాలికల సగటు అధికము, భేదము సార్థకము. బాలికలకు ధైర్యము నేర్పవలెనను సూచనతో పత్రము ముగియును.

ఇట్టి పత్రము ఒకటి ఏమి చేయగలదో నేను కన్నులార చూచితిని. ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దున నేను పూర్వము పనిచేసిన ఒక కళాశాలలో, వృక్షశాస్త్ర విద్యార్థులను కిన్నెరసాని అడవికి తీసికొనిపోవు విషయము చర్చకు వచ్చినది. ఒక సహోద్యోగి అట్టి పత్రమును చూపి, "ఆడపిల్లలు తొందరగా కంగారు పడతారని పరిశోధనలే చెబుతున్నాయి కదండీ, వాళ్ళకు ఇక్కడి తోటలోనే చూపిద్దాం" అనిరి. ఎవరును కాదనలేదు. నేనును కాదనలేదు. బాలురు అడవికి పోయిరి. బాలికలు కళాశాల ఆవరణములో క్రోటను మొక్కల నడుమ తిరిగి తమ రికార్డు పుస్తకములు నింపుకొనిరి. వారిలో ఇద్దరు అడవి అంచు గ్రామములనుండి వచ్చిన కోయ బాలికలు. చిన్ననాటినుండి తునికాకు కోసిన చేతులు వారివి.

ఆ పత్రములోని అంకెలు తప్పని నేననను. తప్పు అంకెలలో లేదు. అంకెలనుండి నిర్ణయమునకు మేము నడిచిన దారిలో ఉన్నది. ఆ దారిని ఈ వ్యాసమున అడుగడుగున పరీక్షింతము.

కొలబద్ద

ఈ పరిశోధనలలో సాధారణముగా రెండు పరికరములు వాడుదురు. మొదటిది ఒత్తిడిని కొలుచు ప్రశ్నావళి. అమెరికాలో షెల్డన్ కోహెన్, ఆయన సహచరులు 1983లో ప్రకటించిన మానము వీనిలో మిక్కిలి ప్రసిద్ధము. మొదట అందులో 14 ప్రశ్నలుండెను. తరువాత 10 ప్రశ్నల రూపము ప్రచారములోనికి వచ్చినది. గడచిన నెల దినములలో అనుకోని సంఘటనవలన ఎన్నిమారులు కలత చెందితిరి, ముఖ్యమైన విషయములు చేయిదాటిపోయినట్లు ఎన్నిమారులు తోచినది అను తీరున ప్రశ్నలు సాగును. ఒక్కొక్క సమాధానమునకు 0 నుండి 4 వరకు మార్కులు. పది ప్రశ్నలకు మొత్తము 40.

రెండవది మూర్తిమత్వమును కొలుచు ప్రశ్నావళి. హాన్స్ ఐసెంక్, సిబిల్ ఐసెంక్ దంపతులు 1964లో ప్రకటించినది బహిర్ముఖతను, భావచాంచల్యమును కొలుచును. తరువాతి కాలమున ఐదు గుణముల పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చినది: బహిర్ముఖత, సౌమ్యత, కర్తవ్యనిష్ఠ, భావచాంచల్యము, నూతనానుభవాసక్తి. భావచాంచల్యమనగా త్వరగా ఆందోళన, దుఃఖము, చికాకు పొందు స్వభావము.

ఇచ్చట రెండు సంగతులు గమనింపవలెను. కోహెన్ తన మానమునకు పెట్టిన పేరు 'గ్రహించిన ఒత్తిడి మానము'. 'గ్రహించిన' అను విశేషణము ఆయన నిజాయితీకి గుర్తు. మనిషి తన బ్రతుకు ఎంత బరువుగా ఉన్నదని తలచుచున్నాడో ఆ తలపును మాత్రమే అది కొలుచును. ఆ మానమును వాడిన పత్రముల సారాంశము ఒకరి నోటినుండి మరియొకరి నోటికి పోవునప్పుడు ఆ విశేషణము జారిపోవును. 'బాలికలు అధికమైన ఒత్తిడిని గ్రహించినట్లు వ్రాసిరి' అనునది 'బాలికలకు ఒత్తిడి అధికము' అగును; మరికొంత దూరము పోయిన పిమ్మట 'బాలికలు ఒత్తిడికి ఆగలేరు' అగును. మూడును మూడు వేర్వేరు వాక్యములు. మొదటి దానికి మాత్రమే సాక్ష్యమున్నది.

రెండవ సంగతి: భావచాంచల్యమునకు అడుగు ప్రశ్నలలోను కలతను గూర్చియే అడుగుదురు, ఒత్తిడికి అడుగు ప్రశ్నలలోను కలతను గూర్చియే అడుగుదురు. ఈ రెండు మార్కులను పోల్చి, 'చంచల స్వభావము కలవారికి ఒత్తిడి అధికము' అని కనుగొనుట ఒక పాత్రలోని నీటిని రెండు గరిటెలతో ముంచి, రెండును తడిగా ఉన్నవని ఆశ్చర్యపడుట వంటిది.

భేదము ఎంత?

ఒప్పుకొనవలసినది ముందుగా ఒప్పుకొందము. సగటులలో భేదమున్నదనుట కల్పన కాదు. కోస్టా, టెరాచ్చియానో, మెక్‌క్రే అను శాస్త్రజ్ఞులు 2001లో 26 సంస్కృతులవారి సమాధానములను పోల్చి, భావచాంచల్యము, సౌమ్యత మున్నగు గుణములలో స్త్రీల సగటు కొంత అధికమని చూపిరి. క్రుంగుబాటు వ్యాధి ప్రపంచమున స్త్రీలలో పురుషులకన్న సుమారు రెండింతలు కనబడుచున్నది. ఈ తేడా యౌవనారంభము నుండియే పొడసూపును. ఇందు హార్మోనుల పాత్ర యేమియు లేదని తోసివేయుట శాస్త్రము కాదు.

కాని 'కొంత' అనగా ఎంత? సమూహములోని మనుష్యులు తమ సగటునుండి ఎంతవరకు చెదరియుందురో తెలుపు కొలత ప్రామాణిక విచలనము. రెండు సగటుల నడుమ తేడాను దానితో పోల్చి చూచినగాని తేడా పెద్దదో చిన్నదో తెలియదు. పై 26 సంస్కృతుల పరిశీలనలో తేడాలు సాధారణముగా అర విచలనమునకు లోపలనే ఉన్నవి. తేడా సరిగా అర విచలనమే అనుకొందము. చీటీలు తీసినట్లు ఒక బాలికను, ఒక బాలుని ఎన్నుకొని వారి మార్కులను పోల్చినయెడల, 100 జతలలో సుమారు 64 జతలలో బాలిక మార్కు అధికముగాను, 36 జతలలో బాలుని మార్కు అధికముగాను ఉండును. రెండు గుంపులు చాలవరకు ఒకదానిపై నొకటి పరచుకొనియే యున్నవి.

ఇక 'సార్థక భేదము' అను మాట. దీనివలన కలిగినంత భ్రమ మరి యే మాటవలనను కలుగలేదు. ఒక పరిశోధకుడు 200 మంది బాలురను, 200 మంది బాలికలను పరీక్షించినాడనుకొనుడు. తేడా విచలనములో ఐదవ వంతు మాత్రమే వచ్చినది. లెక్క వేసిన, సగటుల తేడాలో యాదృచ్ఛిక దోషము విచలనములో పదవ వంతు. తేడా దానికి రెండింతలు. కనుక సూత్రము ప్రకారము 'సార్థకము' అను ముద్ర పడును. సార్థకమనగా ఇంతటి భేదము కేవలము ఎన్నికలోని యాదృచ్ఛికతచేత కలుగుట అరుదు అని మాత్రమే అర్థము. అది పెద్దదనియు, జీవితమున లెక్కింపదగినదనియు అర్థము కాదు. ఈ ఉదాహరణములో 100 జతలలో బాలిక మార్కు అధికముగా ఉండునవి 56. బాలుని మార్కు అధికముగా ఉండునవి 44.

ఇప్పుడు మా అడవి ప్రయాణమునకు వత్తము. ప్రతి జతలో బాలికయే అధికముగా కలత చెందునని ఇట్టి పట్టికను నమ్మి నిర్ణయించినచో, 100 మారులకు 44 మారులు పొరబడుదుము. నాణెము ఎగురవేసి నిర్ణయించినచో 50 మారులు పొరబడుదుము. శాస్త్రము పేరిట మేము సంపాదించిన లాభము ఆరు. ఆ ఆరింటి కొరకు ఒక తరగతిలోని బాలికలందరు అడవిని కోల్పోయిరి.

అమెరికన్ మనస్తత్వశాస్త్రజ్ఞురాలు జానెట్ హైడ్ 2005లో 46 సంకలన పరిశీలనలను ఒకచోట చేర్చి చూచి, స్త్రీ పురుష మానసిక భేదములలో 78 శాతము చిన్నవో, దాదాపు శూన్యమో అని చూపిరి. భేదము కనబడినపుడే పత్రము అచ్చగును; సామ్యము కనబడినపుడు అది వార్త కాదు. ఇందుచేత సామ్యము మనకు తెలియకయే పోవుచున్నది.

ప్రతిబలము, వికృతి

ఒత్తిడి అను మాట భౌతికశాస్త్రమునుండి మనస్తత్వశాస్త్రమునకు అరువు పోయినది. అరువు పోయినపుడు కొంత చెడినది. భౌతికశాస్త్రము బోధించువాడనగుటచే ఈ సంగతి చెప్పుట నా పని అనుకొందును.

ఒక తీగకు బరువు వ్రేలాడదీసితిమి. తీగ లోపల ఆ బరువునకు ప్రతిగా బలము పుట్టును. ఆ బలమును తీగ అడ్డుకోత వైశాల్యముచే భాగించగా వచ్చునది ప్రతిబలము. బరువువలన తీగ కొంచెము సాగును. సాగిన పొడవును మొదటి పొడవుచే భాగించగా వచ్చునది వికృతి. ప్రతిబలమును వికృతిచే భాగించగా వచ్చు సంఖ్య ఆ లోహము యొక్క స్వభావము. దానినే యంగ్ గుణకమందుము. ఇంటర్మీడియట్ విద్యార్థికి తెలిసిన పాఠమే ఇది. తీగ ఎంత సాగినదో చూచి మాత్రమే లోహము మెత్తనిదని చెప్పరాదు. ఎంత బరువు కట్టితివి, తీగ ఎంత లావు అని పరీక్షాధికారి అడుగును. ఆ రెండును చెప్పలేని విద్యార్థికి మార్కులు రావు.

కెనడాలోని మాంట్రియల్‌లో పరిశోధన చేసిన హాన్స్ సెల్యీ 1936లో ఎలుకలపై చేసిన పరిశీలనలను ప్రకటించి, వేర్వేరు బాధలకు శరీరము ఒకే తీరున స్పందించునని చూపెను. తరువాత ఆ స్పందనకు ఒత్తిడి అను అర్థమిచ్చు ఇంగ్లీషు పదమును వాడెను. భౌతికశాస్త్ర రీతిని దానిని వికృతి అనవలసినదని పిమ్మట తానే ఒప్పుకొనెను. బరువునకును, బరువువలన కలిగిన మార్పునకును ఒకే పేరు పెట్టుటచే ఏర్పడిన చిక్కు నేటికిని విడలేదు.

మన ప్రశ్నావళులు కొలుచునది వికృతిని: మనస్సు ఎంత సాగినది, ఎంత వంగినది అని. దానికి ఒత్తిడి అని పేరు పెట్టి, అందుండి మూర్తిమత్వమును, అనగా లోహ స్వభావమును, నిర్ణయించుచున్నారు. ఎంత బరువు కట్టిరో ఎవరును కొలువలేదు. తీగ లావు, అనగా ఆ మనిషికి గల ఆధారము, కూడ ఎవరును కొలువలేదు. రెండు తీగలకు రెండు వేర్వేరు బరువులు కట్టి, ఎక్కువ సాగిన తీగ మెత్తనిదనుట శాస్త్రము కాదు. ఈ వ్యాసమున నేను చెప్పదలచిన ముఖ్య విషయము ఇదియే.

ఈ నేల మీది బరువులు

బరువులు సమానము కావని చూపుటకు దూరము పోనక్కరలేదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయము దేశమంతట కాల వినియోగ సర్వే జరిపినది. ఆరేండ్లు, అంతకు పైబడిన స్త్రీలలో 81.2 శాతము జీతము లేని ఇంటిపనిలో పాల్గొనుచుండగా, పురుషులలో అట్టివారు 26.1 శాతము. పాల్గొన్నవారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు వెచ్చించిరి. ఇది విద్యార్థుల లెక్క కాదు. కాని విద్యార్థినులు ఈ ఇండ్లలోని వారే.

చర్ల, దుమ్ముగూడెం వైపు లోపలి గ్రామమునుండి భద్రాచలమునకు చదువ వచ్చు బాలికను తలచుకొనుడు. ఉదయపు బస్సు అందుకొనుటకు ముందే పొయ్యి వెలిగించి వంట ముగింపవలెను. సాయంకాలపు బస్సు తప్పినచో చీకటి. చీకటి పడిన పిమ్మట ఇల్లు చేరిన దినమున చదువు మానుమను మాట. డిగ్రీ రెండవ సంవత్సరములో పెండ్లి సంబంధములు మొదలగును. చదువు సాగునా, ఆగునా అనునది ఆమె మార్కులపై కాక వచ్చిన సంబంధముపై ఆధారపడును. ఇట్టి బాలిక, ముఖ్యమైన విషయములు తన చేతిలో లేనట్లు తోచినదా అను ప్రశ్నకు 'చాలమారులు' అని వ్రాసినచో, అది భావచాంచల్యమా, ఉన్నదున్నట్లు చెప్పుటయా?

బాలుని బరువు వేరు. మిరప తోట అప్పు అతని తలపై నుండును. సెలవు దినములలో ట్రాక్టరుపైనో, కూలికో పోవును. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు బొగ్గుగనుల ప్రాంతములలో కొడుకు ఉద్యోగముపై ఇంటిల్లిపాది ఆశ. డిగ్రీ పూర్తియగునప్పటికి సంపాదింపనివాడు ఊరిలో తల యెత్తుకొనలేడు. కాని ఈ బరువును గూర్చి అడుగు ప్రశ్న ఆ కాగితములో కనబడదు.

ఇద్దరిపైనను పడు బరువులును కలవు. 2014లో పోలవరం ముంపు ప్రాంతములని కొన్ని మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. భద్రాచలము పట్టణము తెలంగాణలో ఉండిపోయినది. దానికి ఆనుకొనియున్న ఎటపాక ఆవలి రాష్ట్రమునకు పోయినది. ఊరు ఒక రాష్ట్రము, కళాశాల ఒక రాష్ట్రము అయిన విద్యార్థికి ధ్రువపత్రము మొదలు ఉపకారవేతనము వరకు ప్రతి కాగితము ఒక ప్రశ్నయే.

'బాలికలు' అను ఒక్క గడిలో పోసినవారందరును ఒక్కటి కారు. తల్లి సంతకు పోయి సరకు అమ్మి, కొని, లెక్క చూచుకొని వచ్చుటను చూచి పెరిగిన కోయ బాలికయు, ఒంటరిగా బజారునకు పోనీయని ఇంటినుండి వచ్చిన ఖమ్మం పట్టణపు బాలికయు పట్టికలో ఒకే అంకెలో కరగిపోవుదురు. వారిద్దరి నడుమ భేదము, స్త్రీ పురుష భేదముకన్న పెద్దది కాదని చెప్పగలవారెవరు? దానిని కొలువనే లేదు.

ఇంత చెప్పి, భేదమంతయు బరువులవలననే అనుటయు తొందరపాటగును. 2008లో డేవిడ్ ష్మిట్, ఆయన సహచరులు 55 దేశములవారిని పోల్చగా, స్త్రీ పురుష సమానత్వము హెచ్చుగానున్న సంపన్న దేశములలో మూర్తిమత్వ భేదములు తగ్గుటకు మారుగా పెరిగినట్లు కనబడినది. బరువే కారణమైనచో అచ్చట భేదము తగ్గవలసియుండెను. అడ్డంకులు తొలగినచోట సహజ ప్రవృత్తులు విరియునని కొందరందురు. కట్టుబాట్లు గల సమాజములో స్త్రీ తన్ను ఇతర స్త్రీలతో, పురుషుడు ఇతర పురుషులతో పోల్చుకొని సమాధానము వ్రాయుటచే భేదము కాగితముపై కనబడదని మరికొందరందురు. వాదము తీరలేదు. తీరని వాదమును తీరినదిగా చెప్పి కళాశాల నియమములు చేయుట మాత్రము ఏ పక్షమువారికిని తగదు.

ఏ నెలలో అడిగితిరి?

ప్రశ్నావళి గడచిన నెల దినములను గూర్చి అడుగును. మన ప్రాంతములో నెలలన్నియు ఒక్కటి కావు. భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినది. వరద తీసిన పిమ్మట ఆగస్టులో ప్రశ్నావళి పంచినవానికి ఒక సగటు వచ్చును. జనవరినుండి మిర్చి కోతలు, మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పపూవు, ఎండలు ముదిరిన పిమ్మట తునికాకు, ఈ నడుమనే పరీక్షలు. అప్పుడు పంచినవానికి మరియొక సగటు వచ్చును. పత్రములో నెల పేరు వ్రాయనివాడు కొలిచిన ఉష్ణోగ్రతను వ్రాసి, ఎండలో కొలిచెనో నీడలో కొలిచెనో చెప్పనివానివంటివాడు.

భాష మరియొక చిక్కు. పేర్లు వ్రాయనక్కరలేదని చెప్పి, ఇట్టి ప్రశ్నల తెలుగు అనువాదమును ఒకమారు నా తరగతిలో పంచితిని. ఫలితము కొరకు కాదు. ప్రశ్నలు ఎట్లు అర్థమగుచున్నవో చూచుటకు. ఒక బాలిక లేచి, "సార్, నా చేతిలో ఉన్న సంగతులంటే నేను నిర్ణయించేవా, మా ఇంట్లో నిర్ణయించేవా?" అని అడిగినది. ఇంటిలో కోయ మాటాడు బాలుడొకడు, "ఒత్తిడి అంటే భయమా సార్, పని ఎక్కువ ఉండుడా?" అని అడిగెను. సెల్యీని చిక్కున పడవేసిన ప్రశ్నయే ఇది. అనువదించినవారికి తోచలేదు, ఆ బాలునికి తోచినది. ఇంకొక బాలుడు అన్నిటికి సున్న చుట్టి యిచ్చెను. ఏమని అడుగగా, "మగోళ్ళం గదా సార్, ఇవన్నీ రాస్తే బాగుండదు" అనెను.

పది ప్రశ్నల మానములో నాలుగు తలక్రిందులుగా ఉండును. తక్కినవానిలో హెచ్చు మార్కు హెచ్చు ఒత్తిడి. వీనిలో హెచ్చు మార్కు తక్కువ ఒత్తిడి. అన్నిటికి ఒకే సున్న చుట్టిన ఆ బాలుని కాగితమును లెక్కించినచో 40కి 16 వచ్చును. ఆ 16కు అర్థమేమి? అతడు మాకేమియు చెప్పదలచలేదని మాత్రమే. పట్టికలో మాత్రము అది అతని ఒత్తిడియై కూర్చుండును.

మాటాడనివారి లెక్క

బాలురు వ్రాయకపోవుట చిన్న సంగతి కాదు. 1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయమున ఒక పరీక్షను రూపొందించిరి. అపరిచితుల యెదుట ఉపన్యసింపజేసి, గట్టిగా లెక్కలు చేయించి, లాలాజలములో కార్టిసాల్ అను హార్మోనును కొలుచుట దాని పద్ధతి. ఇట్టి పరీక్షలలో తరచుగా కనబడినది విచిత్రము. కలత చెందితిమని అధికముగా చెప్పినవారు స్త్రీలు. కార్టిసాల్ అధికముగా పెరిగినది పురుషులలో. నోరు ఒకటి చెప్పినది, ఉమ్మి ఒకటి చెప్పినది. ఏ ఒక్కదానిని వినియు తీర్పు చెప్పరాదు.

శరీరధర్మ పరిశోధనలలోను లోపము లేకపోలేదు. ఒత్తిడికి శరీరము స్పందించు తీరుపై 1995కు పూర్వము జరిగిన ప్రయోగశాలా పరిశీలనలలో పాల్గొన్నవారిలో స్త్రీలు సుమారు 17 శాతము మాత్రమేయని షెల్లీ టేలర్, ఆమె సహచరులు 2000లో ఎత్తిచూపిరి. పోరాటము లేక పలాయనము అను ప్రసిద్ధ సిద్ధాంతము ఎక్కువగా మగవారిని, మగ జంతువులను చూచి చెప్పినది. శరీరమును కొలిచినపుడు స్త్రీలను విడిచిరి. కాగితముపై అడిగినపుడు పురుషుల మౌనమును ధైర్యమని వ్రాసికొనిరి.

ఆ మౌనమునకు ఎంత మూల్యము చెల్లింపబడుచున్నదో జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలు చూపును. 2022లో దేశమున ఆత్మహత్యలవలన మరణించిన విద్యార్థులు 13,044 మంది. అందు సగముకన్న అధికులు బాలురు. ఆత్మహత్యకు కారణము ఎన్నడును ఒక్కటియే కాదు. ఒక్క ఒత్తిడి మార్కుతో దానిని ముడిపెట్టరాదు. కాని బాలురు నిబ్బరము గలవారు, వారిని గూర్చి చింత లేదు అను నిర్ణయమునకు ఈ అంకె గట్టి హెచ్చరిక. ప్రశ్నావళిని నమ్మి బాలికలకు మాత్రమే సలహా కేంద్రము తెరచిన కళాశాల, సున్నలు చుట్టిన బాలుని ఎన్నటికిని చూడజాలదు.

తరగతిలో లేనివారును కలరు. లోపలి గ్రామమునుండి డిగ్రీ వరకు వచ్చిన బాలిక ఎన్నో జల్లెడలు దాటి వచ్చినది. ఇంటర్మీడియట్‌తో ఆగినవారు, పెండ్లియై పోయినవారు, కూలికి పోయిన బాలురు మన ప్రశ్నావళికి అందరు. మిక్కిలి బరువు మోసినవారు లెక్కకు రాకముందే తెగిపోయిరి. మిగిలిన తీగలను కొలిచి లోహమును గూర్చి మాటాడుచున్నాము.

చేయవలసినది

ఇట్టి పరిశోధనలు వలదనుట నా అభిమతము కాదు. అవి ఇంకను మేలుగా జరుగవలెను. మన ప్రాంతపు కళాశాలలలోనే, పెద్ద వ్యయము లేకుండ చేయదగినవి కొన్ని కలవు.

మొదట బరువును కొలువవలెను. నిద్ర ఎన్ని గంటలు, ఇంటిపని ఎన్ని గంటలు, ప్రయాణము ఎన్ని కిలోమీటర్లు, అప్పు ఉన్నదా, చదువు ఆగునను భయమున్నదా అను ప్రశ్నలను ఒత్తిడి ప్రశ్నలతో పాటు అడుగవలెను. సమాన బరువు మోయు బాలురను, బాలికలను పోల్చిన పిమ్మట మిగిలిన భేదమును గూర్చి మాత్రమే స్వభావమని చర్చింపవచ్చును, అదియు జాగ్రత్తగా. వరద కాలమున ఒకమారు, కోతల కాలమున ఒకమారు, పరీక్షల పిమ్మట ఒకమారు అడుగవలెను. ప్రశ్నలను ముందుగా విద్యార్థులతో చదివించి, వారికి ఏమి అర్థమైనదో వ్రాసికొనవలెను. కోయ మాటాడువారితో కోయలో అడుగగలవారిని పిలువవలెను. సగటుతో పాటు విచలనమును, రెండు గుంపులు ఎంతవరకు కలిసియున్నవో తెలుపు అంకెను అచ్చువేయవలెను. భేదము లేదని తేలినచో దానిని కూడ ప్రకటింపవలెను.

అధ్యాపకులు చేయవలసినది అంతకన్న సులభము. సగటును మనిషిపై రుద్దరాదు. బస్సు వేళను బట్టి ప్రయోగశాల వేళను మార్చుట, బాలికలకు నీళ్ళున్న మరుగుదొడ్డి ఉన్నదా అని చూచుట, వెనుక బెంచీలో మాటాడక కూర్చున్న బాలుని ఒకమారు బయటకు పిలిచి "ఇంటి దగ్గర అంతా బాగేనా?" అని అడుగుట, ఇవి బరువును తగ్గించు పనులు. ధైర్యము నేర్పు ఉపన్యాసముకన్న ఇవి మేలు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును. ఆ సంఖ్యను బాలుర వసతిగృహము గోడపైనను వ్రాయించవలెను.

ఆనాడు అడవికి పోయిన బాలురు సాయంకాలమునకు సంచులనిండ ఆకులు తెచ్చిరి. మరునాడు వానికి పేర్లు వ్రాయు వేళ కొన్నిటికడ అందరును ఆగిపోయిరి. ఆ ఇద్దరు కోయ బాలికలు దగ్గరకు వచ్చి, ఆకు తిప్పి చూచి, ఒక్కొక్క దాని పేరు, అది ఎచ్చట మొలచునో, దేనికి పనికివచ్చునో చెప్పిరి. బాలురు వ్రాసికొనిరి. అడవికి ఎవరు పోవలెనో నిర్ణయించునపుడు మాలో ఎవరమును వారిని ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు.